కారుణ్య మరణం: కలెక్టర్‌కు అర్జీ పెడితే అనుమతి వస్తుందా? మనిషికి ఒక రూల్, మూగజీవికి ఇంకో రూల్.. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులు తెలుసుకోవాల్సిన విషయాలివే

సోమవారం వచ్చిందంటే కలెక్టరేట్ల దగ్గర అర్జీల క్యూ మామూలే. భూమి తగాదా, ఆగిపోయిన పింఛన్, ఇంటి పట్టా.. ఇవన్నీ రోజూ చూసేవే. కానీ వాటి మధ్యలో అప్పుడప్పుడూ ఒక కాగితం వస్తుంది. చదివిన ఆఫీసర్ ఒక్క క్షణం ఆగిపోతారు. ‘మా బిడ్డకు కారుణ్య మరణానికి అనుమతి ఇవ్వండి’.. ఇదే ఆ అర్జీ. తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట వార్తల్లో ఎన్నోసార్లు వినిపించింది. కొందరు కోర్టుకు వెళ్తారు, కొందరు నేరుగా రాష్ట్రపతికే లేఖ రాస్తారు.

మరి కలెక్టర్ అనుమతి ఇవ్వగలరా? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. లేదు. కలెక్టర్‌కే కాదు, ముఖ్యమంత్రికి కూడా ఆ అధికారం లేదు. అలాగని ‘మన దేశంలో కారుణ్య మరణమే లేదు’ అనుకుంటే అదీ తప్పే. అసలు చట్టం ఎక్కడ ఔనంటోంది? ఎక్కడ కాదంటోంది? శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు ఊళ్ల వాళ్లకు ఇది ఎందుకు ముఖ్యం?

ఎందుకంటే ఈ మూడు నియోజకవర్గాలకూ ఈ అంశంతో దగ్గరి లింక్ ఉంది. ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ 2024 జూన్‌లో రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి అయ్యారు. హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ హైదరాబాద్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికి చైర్మన్. ఇక పెనుకొండ సంగతి వేరు. ఆ ఊరి కథ జైన గుడిలో ఉంది. అది తర్వాత చూద్దాం.

పక్క జిల్లాలో జరిగిన రెండు ఘటనలు

దూరం వెళ్లక్కర్లేదు. 2016లో చిత్తూరు జిల్లాకు చెందిన ఒక జంట తంబళ్లపల్లె కోర్టు మెట్లెక్కింది. ఏడాది కూడా నిండని పాప. కాలేయం పాడైంది. మార్పిడి ఆపరేషన్‌కు లక్షలు కావాలి. డబ్బు లేదు, బిడ్డ బాధ చూడలేకపోతున్నాం, కారుణ్య మరణానికి అనుమతించండి అని అడిగారు. ఇది మా పరిధిలోది కాదు, హైకోర్టుకు వెళ్లండని కోర్టు చెప్పింది. ఈ వార్త టీవీల్లో రావడంతో రాష్ట్ర ప్రభుత్వం కదిలింది. ఖర్చు భరిస్తామంది. చెన్నైలో పాపకు కాలేయ మార్పిడి జరిగింది.

2021 జూన్‌లో అదే జిల్లా పుంగనూరులో కథ ఇంకోలా ముగిసింది. తొమ్మిదేళ్ల బాబు. ఏళ్ల తరబడి జబ్బు. వైద్యానికి అప్పులు చేసి, ఇక చేయలేక తల్లి కోర్టుకు వెళ్లింది. అర్జీ పెట్టి తిరిగొస్తుండగా దారిలో ఆటోలోనే ఆ పిల్లాడు ప్రాణం వదిలాడు.

ఈ రెండు అర్జీల్లోనూ ‘చావు’ అన్న మాటే ఉంది. కానీ అడిగింది నిజంగా చావునేనా? 2016లో డబ్బు దొరకగానే ఆ అర్జీ సంగతే ఎవరికీ గుర్తులేదు. వైద్యం ఖర్చు భరించలేని ఇల్లు చివరికి వాడే మాట ఇది. సర్కారు చెవిన పడాలంటే ఇంతకన్నా గట్టి మాట లేదని వాళ్లకు తెలుసు మరి.

అందుకే ఇలాంటి పరిస్థితిలో ఉన్న కుటుంబం మొదట చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఎన్టీఆర్ భరోసా కింద పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వారికి నెలకు రూ.15,000 పింఛన్ ఉంది. కిడ్నీ లాంటి దీర్ఘకాలిక జబ్బుల్లో అర్హులకు రూ.10,000, దివ్యాంగులకు రూ.6,000. ఒకప్పటి ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి ఉంది. 1991లో మొదలైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. ముఖ్యమంత్రి సహాయ నిధి సంగతి అందరికీ తెలిసిందే. కలెక్టర్ చేయగలిగేది ఇక్కడే. చావుకు అనుమతి ఇవ్వలేరు గానీ, బతికే దారి చూపించగలరు.

‘చంపడం’ వేరు.. ‘ఆపడం’ వేరు

కారుణ్య మరణంలో రెండు రకాలున్నాయి. ఇంజెక్షన్ లాంటిది ఇచ్చి ప్రాణం తీయడం ఒకటి. దీన్నే యాక్టివ్ యూథనేషియా అంటారు. ఇది మన దేశంలో నేరం. రోగి స్వయంగా బతిమాలినా సరే, కన్నవాళ్లు కన్నీళ్లతో చేసినా సరే, భారతీయ న్యాయ సంహిత ప్రకారం కేసే. 18 ఏళ్లు దాటిన వ్యక్తి సమ్మతితో చేస్తే హత్య కాస్తా ‘హత్య కాని నరహత్య’ అవుతుంది. అంతే తేడా. శిక్ష తప్పదు. చావడానికి సాయం చేస్తే ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసు పడుతుంది.

రెండోది పాసివ్ యూథనేషియా. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాన్ని కేవలం లాగుతూ ఉంచే వైద్యాన్ని, అంటే వెంటిలేటర్ లాంటి వాటిని ఆపేయడం, లేదా మొదలే పెట్టకపోవడం. జబ్బే మనిషిని తీసుకెళ్తుంది, డాక్టర్ అడ్డుపడరు. దీనికి మాత్రం అనుమతి ఉంది. పార్లమెంటు చేసిన చట్టం ద్వారా కాదు, సుప్రీంకోర్టు తీర్పు ద్వారా.

ఈ తీర్పు ఒక్కరోజులో రాలేదు. 1994లో సుప్రీంకోర్టు ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే 309 సెక్షన్‌ను కొట్టేసింది. రెండేళ్లకే, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదని తేల్చింది. ఆ తర్వాత వచ్చిందే అరుణా షాన్‌బాగ్ కేసు. ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు ఆమె. 1973 నవంబరులో అదే ఆస్పత్రిలో దాడికి గురై మంచాన పడింది. 42 ఏళ్లు అలాగే ఉంది. ఒక జర్నలిస్టు ఆమె తరఫున వేసిన పిటిషన్‌ను 2011 మార్చి 7న కోర్టు తిరస్కరించింది. చిత్రమేమిటంటే తిరస్కరించిన ఆ తీర్పే దేశంలో పాసివ్ యూథనేషియాకు మొదటిసారి తలుపు తెరిచింది. ఆమెను కంటికి రెప్పలా చూసుకున్న తోటి నర్సులు మాత్రం వద్దనే అన్నారు. 2015 మే 18న న్యుమోనియాతో ఆమె కన్నుమూసింది.

2018 మార్చి 9న ‘కామన్ కాజ్’ కేసులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం అసలు మాట చెప్పేసింది. గౌరవంగా మరణించడం కూడా 21వ అధికరణ కిందికే వస్తుంది, లివింగ్ విల్ చెల్లుతుంది అని.

హైదరాబాద్ కుర్రాడి కోరిక

ఈ చరిత్రలో తెలుగువాళ్లు మరిచిపోకూడని పేరు ఒకటుంది. వెంకటేష్. హైదరాబాద్‌కు చెందిన పాతికేళ్ల చెస్ ఆటగాడు. కండరాలు క్షీణించే డూషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ జబ్బు. 2004 డిసెంబరులో వెంటిలేటర్ మీద ఉన్నాడు. అతని కోరిక వింటే ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది. అవయవాలు పాడవకముందే వాటిని తీసి వేరేవాళ్లకు ఇవ్వండి, నన్ను పోనివ్వండి అన్నాడు. తల్లి కొడుకు మాట నెరవేర్చాలని హైకోర్టుకు వెళ్లింది. బ్రెయిన్ డెడ్ కాని వ్యక్తి నుంచి అలా అవయవాలు తీయడానికి 1994 అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు. హైకోర్టు కాదంది. ఆ తీర్పు వచ్చాక, డిసెంబరు 17న అతను చనిపోయాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు. 2022లో కాజోల్ నటించిన ‘సలామ్ వెంకీ’ సినిమా ఈ కథ ఆధారంగా వచ్చిందే. రేవతి దర్శకురాలు.

ఇంతకీ లివింగ్ విల్ ఎలా రాయాలి?

2018 తీర్పు బాగానే ఉంది గానీ, పద్ధతి మాత్రం మామూలు మనిషికి అందేలా లేదు. విల్లు మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలి. రెండో మెడికల్ బోర్డును కలెక్టర్ వేయాలి. డాక్టర్లకు 20 ఏళ్ల అనుభవం ఉండాలి. మేజిస్ట్రేట్ స్వయంగా ఆస్పత్రికి రావాలి. ఐసీయూలో రోగి అంతవరకు ఆగాలి కదా! డాక్టర్ల సంఘమే కోర్టుకు వెళ్లి ఇది జరిగే పని కాదని చెప్పింది. దాంతో 2023 జనవరి 24న సుప్రీంకోర్టు రూల్స్ సడలించింది. కలెక్టర్ పాత్ర ఏదైనా ఉందంటే అది 2018 నుంచి 2023 దాకా నడిచిన ఆ పాత పద్ధతిలోనే. అదీ బోర్డు వేయడం వరకే.

ఇప్పుడున్న పద్ధతి ఇదీ. 18 ఏళ్లు నిండి, మంచీచెడూ తెలిసిన మనిషి ఎవరైనా రాసుకోవచ్చు. ‘నేను కోలుకోలేని స్థితికి చేరి, నా అంతట నేను చెప్పలేకపోతే ఫలానా వైద్యం వద్దు’ అని స్పష్టంగా రాయాలి. తన తరఫున నిర్ణయం తీసుకునే వారి పేర్లు రాయాలి. ఒకరి కంటే ఎక్కువ మందిని పెట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం. నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ధ్రువీకరిస్తే చాలు. ఒక కాపీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో భద్రపరచాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఆస్తి వీలునామాకూ దీనికీ సంబంధం లేదు. అది చనిపోయాక పనిచేసేది, ఇది బతికుండగా పనిచేసేది.

ఆస్పత్రిలో ఏం జరుగుతుంది? చికిత్స చేస్తున్న డాక్టర్‌తో పాటు కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు కలిసి ప్రైమరీ బోర్డుగా కూర్చుంటారు. వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. తర్వాత సెకండరీ బోర్డు. ఇందులో జిల్లా ముఖ్య వైద్యాధికారి, అంటే మన దగ్గర డీఎంహెచ్‌వో, నామినేట్ చేసిన డాక్టర్ తప్పనిసరి. మొదటి బోర్డులో లేని మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. వీళ్లకూ 48 గంటలే. ఇద్దరూ ఔనంటే, కుటుంబం సమ్మతి ఉంటే, మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇచ్చి అమలు చేస్తారు. మేజిస్ట్రేట్ అనుమతి కోసం ఆగక్కర్లేదు, తెలియజేస్తే చాలు. బోర్డు కాదంటే హైకోర్టు ఉంది. లివింగ్ విల్ లేని రోగుల విషయంలోనూ కుటుంబం సమ్మతితో ఇదే దారి.

హిందూపురం వాళ్లు ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. పెద్ద జబ్బంటే హిందూపురంలో చాలామంది చూసేది బెంగళూరు వైపే. వంద కిలోమీటర్ల దూరం. సుప్రీంకోర్టు మార్గదర్శకాలను అమలు చేస్తూ కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరి 30న సర్క్యులర్ ఇచ్చింది. సెకండరీ బోర్డుల కోసం డాక్టర్లను నామినేట్ చేసే ఏర్పాటు అందులో ఉంది. కాబట్టి బెంగళూరు ఐసీయూలో ఉన్న హిందూపురం పేషెంట్ విషయంలో బోర్డు అక్కడిదే. మార్గదర్శకాలు దేశమంతటికీ ఒకటే కాబట్టి హిందూపురంలో నోటరీ చేయించిన లివింగ్ విల్ అక్కడా చెల్లుతుంది.

అయితే బయట జరిగేది చాలాసార్లు వేరు. వెంటిలేటర్ బిల్లు రోజుకింత అని పెరిగిపోతుంటే, ‘మేమే తీసుకెళ్లిపోతాం’ అని కుటుంబం సంతకం పెట్టేస్తుంది. డాక్టర్ల సలహాకు విరుద్ధంగా డిశ్చార్జ్. దీన్ని ఆస్పత్రి భాషలో ‘లామా’ అంటారు. అంబులెన్స్‌లో బ్యాగ్ నొక్కుకుంటూ ఇంటికి తెస్తారు. కొన్నిసార్లు ఇల్లు చేరేలోపే అయిపోతుంది. నొప్పికి మందు ఉండదు, ఊపిరాడకపోతే చూసే నర్సు ఉండదు. బోర్డు దారిలో వెళ్తే ఆస్పత్రిలోనే నొప్పి తెలియకుండా చూసుకుంటూ వైద్యం ఆపుతారు. పాలియేటివ్ కేర్ అంటే అదే. ఈ తేడా ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

పెనుకొండలో పాత ప్రశ్న

ఇక పెనుకొండ. విజయనగర రాజుల రెండో రాజధానిగా, ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీతో అందరికీ తెలిసిన ఊరు. కానీ జైనులకు ఇది అంతకుముందు నుంచే పుణ్యక్షేత్రం. ఇక్కడి పచ్చ పార్శ్వనాథుడి దర్శనానికి కర్ణాటక, తమిళనాడు నుంచీ వస్తారు. జైనుల్లో ‘సల్లేఖనం’ అనే వ్రతం ఉంది. అంత్యకాలం దగ్గరపడిందని తెలిశాక, గురువు అనుమతితో ఆహారం, నీళ్లు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ ప్రాణం వదలడం. అలా వెళ్లిపోయిన వారి గుర్తుగా వేసిన నిషిధి శాసనాలు ఇదే జిల్లాలోని అమరాపురం ప్రాంతంలో ఉన్నాయి. అంటే ‘ఎప్పుడు ఆపాలో మనిషి నిర్ణయించుకోవచ్చా?’ అన్న ప్రశ్న ఈ నేల మీద వందల ఏళ్ల కిందటే వచ్చింది.

కోర్టుకు మాత్రం 2015లో వచ్చింది. సల్లేఖనం ఆత్మహత్యే అని ఆ ఏడాది ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు చెప్పింది. జైనులు దేశవ్యాప్తంగా రోడ్లెక్కారు. అదే నెల 31న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆకలితో చావడం వేరు, ఆహారం మీద ఆశ వదులుకోవడం వేరు అన్నది జైనుల వాదన. వృద్ధుల మీద, ముఖ్యంగా ఆడవాళ్ల మీద కుటుంబాల ఒత్తిడి ఉండదని గ్యారంటీ ఏమిటన్నది అవతలి వాదన.

ఈ రెండో మాటే మొత్తం చర్చలో గట్టిది. ఆస్తి కోసం, లేదా చూసుకోలేక, ముసలివాళ్లను ‘పంపించేయడం’ మొదలైతే? దివ్యాంగుల సంఘాలదీ ఇదే భయం. 2024 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ లైఫ్ సపోర్ట్ తొలగింపుపై ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసి ప్రజల అభిప్రాయం అడిగితే, డాక్టర్ల మీద ఒత్తిడి పెరుగుతుందని ఐఎంఏ నుంచే అభ్యంతరం వచ్చింది. లా కమిషన్ 2006లో, 2012లో రిపోర్టులు ఇచ్చింది. చట్టం చేయాల్సింది పార్లమెంటు. అక్కడ సభ్యులందరికీ ఇది ముట్టుకోవడానికి ఇబ్బందిగా ఉండే సబ్జెక్టే.

మరి మూగజీవాల సంగతి?

మనిషికి ఇంజెక్షన్ ఇస్తే నేరం. జంతువుకు, కొన్ని షరతులతో, చట్టమే ఒప్పుకుంటుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో 13వ సెక్షన్ దీని గురించే. రోడ్డు మీద లారీ గుద్ది నడుం విరిగిన ఆవో గాడిదో పడి ఉందనుకుందాం. యజమాని లేడు, లేదా ఒప్పుకోవడం లేదు. అప్పుడు కానిస్టేబుల్ పైస్థాయి పోలీసు ఆ ప్రాంత పశువైద్యాధికారిని పిలిపించాలి. బతికించి ఉంచడమే క్రూరత్వం అని డాక్టర్ సర్టిఫై చేస్తే, మేజిస్ట్రేట్ ఆదేశం తీసుకుని బాధ నుంచి విముక్తి కల్పించవచ్చు. సొంత పశువైతే రైతు పశువైద్యుడితో మాట్లాడుకోవాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య అంబులెన్స్ వస్తుంది. రాయితోనో విషంతోనో చేసే పని మాత్రం కారుణ్యం కింద రాదు. బీఎన్ఎస్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు ఉంటుంది. 1960 చట్టంలో మాత్రం హింసకు మొదటిసారి జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. టీ, బజ్జీల ఖర్చు!

అంటువ్యాధులు వస్తే లెక్క వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్లను పెద్ద ఎత్తున చంపి పూడ్చారు. అది బాధ తీర్చడానికి కాదు, వ్యాధి ఆపడానికి. 2009 నాటి పశువ్యాధుల నియంత్రణ చట్టం దీనికి ఆధారం.

అసలు గొడవంతా వీధి కుక్కల దగ్గరే. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు కరిచి చంపిన వీడియో ఎవరూ మరిచిపోలేదు. ఏడాది తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామంలో 20 కుక్కలను తుపాకులతో కాల్చి చంపారు. ఈ రెండు ఘటనల మధ్యే జనం చీలిపోయారు.

2023 ఏబీసీ రూల్స్ ప్రకారం ఆరోగ్యంగా ఉన్న వీధి కుక్కను చంపడానికి మున్సిపాలిటీకైనా పంచాయతీకైనా హక్కు లేదు. పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి. నయం కాని జబ్బున్న, చావుబతుకుల్లో ఉన్న కుక్కకు మాత్రమే కారుణ్య మరణం. అదీ పశువైద్యుడే, సోడియం పెంటోబార్బిటల్ ఇంజెక్షన్‌తో, ఇంకో కుక్క చూడకుండా చేయాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఈ పద్ధతినే ఖాయం చేసింది. రేబిస్ ఉన్నవి, బాగా కరిచేవి తప్ప మిగతావి తిరిగి వదలాలంది. నవంబరు 7న మాత్రం స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టుకున్న వాటిని మళ్లీ అక్కడే వదలొద్దని చెప్పింది. ధర్మవరం జంక్షన్ అయినా, హిందూపురం బస్టాండ్ అయినా ఆ ఆదేశం పరిధిలోనివే.

పిచ్చి కుక్క దగ్గరకొచ్చేసరికి చాలామందికి మింగుడుపడని రూల్ ఒకటుంది. రేబిస్ వచ్చిందని తేలిన కుక్కను చంపకూడదు. విడిగా ఉంచాలి. మామూలుగా పది రోజుల్లోపు దానంతట అదే చనిపోతుంది. నడుం విరిగిన కుక్కకు ఇంజెక్షన్ ఉంది, రేబిస్‌తో కొట్టుకుంటున్న దానికి లేదు. ఎవరికైనా ఇది అర్థం కాదు.

మనిషికి రేబిస్ లక్షణాలు కనిపిస్తే? దాదాపు బతకడం ఉండదు. నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోతుంది, మంచానికి కట్టేయాల్సి వస్తుంది. ఇలాంటి రోగులను ప్రత్యేకంగా చూడాలని, గౌరవంగా పోయే వీలు కల్పించాలని ఒక సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీ హైకోర్టులో 2019లో ఊరట దొరకని ఆ కేసును పరిశీలిస్తామని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది.

అంతదాకా రాకుండా ఉండాలంటే కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వాస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగాలి. కరిచిన కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మధ్యలో డోసులు మానేయొద్దు. డాక్టర్ చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి.